చిల్లర డబ్బాలో రాణి రూపాయి

విడపనకల్లు దాటి బళ్ళారి వైపు పోతుంటే రోడ్డు మీద ఒక క్రాసు వస్తుంది. పల్లెల మీదుగా వచ్చే బస్సు అక్కడి దాకా వచ్చి వెనక్కి తిప్పుకొని పోతుంది. ఆ మలుపులోనే చౌడేశ్వరి హోటలు. హోటలంటే రాతి కూసాల మీద నాలుగు రేకులు, ఒక కట్టెల పొయ్యి, గిరాకీలు కూర్చోవడానికి ఒక కడప బండ, అంతే. వెనక తడిక అవతల ఆమె, ఆమె అత్త తిరుపాలమ్మ పడుకునేవాళ్ళు. మొగుడు కేశవ బెంగుళూరుకు బిల్డింగు పనికి పోయి ఏడాది దాటింది.

ఆ ఏడు కూడా వాన పడలేదు. శెనక్కాయ చెట్లు పూత పట్టక ముందే ఎర్రమట్టిలో మాడిపోయాయి. బోర్లలో నీళ్ళకు బదులు గాలి వస్తోంది. చౌడేశ్వరి తెల్లారక ముందే బిందెలు తీసుకొని పోయి, ట్యాంకు దగ్గర వరసలో నిలబడి, దొరికినన్ని నీళ్ళు మోసుకొచ్చేది. ఆ నీళ్ళలోనే బొరుగులు నానేసి, తడి పిండేసి, ఉగ్గాణి కలిపేది. పక్కన మిరపకాయ బజ్జీలు. బస్సు దిగినవాళ్ళు తినేవాళ్ళు, టీ తాగేవాళ్ళు, పోయేవాళ్ళు. అలసట ఆమెకు ఇంట్లో ఇంకో మనిషిలా అయిపోయింది. ఆమెతోనే లేచేది, ఆమెతోనే పడుకునేది.

ఒక సాయంత్రం చిల్లర డబ్బా బోర్లిస్తే స్టీలు బిళ్ళల మధ్య ఏదో బరువుగా పడింది. మోత వేరు. గుడిగంట కొట్టి ఆపినట్టు కాసేపు అలా నిలిచింది. తీసి చూస్తే నల్లబడిన పెద్ద బిళ్ళ. చింతపండుతో తోమితే తెల్లగా తేలింది, కిరీటం పెట్టుకున్న ఆడమనిషి ముఖం. ముక్కు దగ్గర పెట్టుకుంది. తడిసిన మట్టి వాసన. రెండేళ్ళుగా ఆ ఊళ్ళో ఎవరూ ఎరగని వాసన.

ఎవరిచ్చారో ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు.

మరుసటి రోజే గుంతకల్లు పోయి బజారులో వెండి అంగడి వీరభద్రయ్యకు చూపించింది. ఆయన తక్కెట్లో పెట్టాడు. సరిగ్గా తులం తూగింది.

"రాణి రూపాయమ్మా ఇది. యాడిది? పునాదులేమన్నా తవ్వినారా?"

"లేదన్నా. చిల్లర్లో వచ్చింది."

"చిల్లర్లోనా!" అని నవ్వి, మంచి ధరే కట్టి ఇచ్చాడు. కరిగించడానికి మనసొప్పక దాన్ని ఇంటికి తీసుకుపోయి దేవుడి గూట్లో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత అవి వస్తూనే ఉన్నాయి. ఒక వారం ఒకటి, ఇంకో వారం రెండు. చౌడేశ్వరి ఒకటి రెండు రోజులు కళ్ళు పెద్దవి చేసుకొని ప్రతి చేతినీ చూసింది. ఎవరూ ఇవ్వరు. సాయంత్రానికి మాత్రం డబ్బాలో ఉంటుంది. ఆఖరికి చూడటం మానేసింది. అన్నీ వీరభద్రయ్యకే అమ్మి, అత్త మందులు తెచ్చింది, రేకులకు కొత్త మేకులు కొట్టించింది, ఒకసారి ట్యాంకరు నీళ్ళు కొనింది. ఆ రోజు బిందె ఎత్తకుండా తెల్లారేదాకా పడుకుంది. ఎవరో పుణ్యాత్ముడు పెడుతున్నాడు, పెట్టనీ అనుకుంది.

ఒకటి మాత్రం ఆమెకు అంతు పట్టలేదు. గిన్నె నిండా కలిపిన ఉగ్గాణి, గిరాకీ లేని రోజు కూడా పొద్దెక్కేసరికి అడుగంటేది. తిన్నవాళ్ళు కూడా చెయ్యి కడుక్కుంటూ గొణిగేవాళ్ళు, "ఏమక్కా, తిన్నట్టే లేదే. ఇంకో ప్లేటు పెట్టు."

ఒక మధ్యాహ్నం ఎండలో బస్సు దిగి వీరభద్రయ్యే వచ్చాడు. ఆమె గుర్తు పట్టలేదు. నిండుగా ఉండే బుగ్గలు లోపలికి పోయి, చొక్కా కొయ్యకు తగిలించినట్టు వేలాడుతోంది. బండ మీద కూర్చొని ఒక గుడ్డ మూట ఆమె ముందుకు తోశాడు.

"ఇవి నువ్వే పెట్టుకోమ్మా. నేనిచ్చిన దుడ్లు తిరిగి ఇయ్యొద్దు."

"ఏమైందన్నా?"

"ఇవి ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి మాకెవరికీ కడుపు నిండటం లేదు. తింటాండాం, ఆకలంటాండాం. నా పెండ్లాం శాంతమ్మ పొద్దున కుండెడు అన్నం తినింది. తిని, ఆకలైతాందని ఏడుస్తా కూర్చునింది." ఆయన గొంతు తగ్గించాడు. "డాక్టరు ఏమీ లేదంటాడు. నిద్రలో కూడా నములుతాందమ్మా..."

టీ ఇస్తే ముట్టకుండానే తిరుగు బస్సెక్కి పోయాడు.

తిరుపాలమ్మ తడిక అవతల నుంచి అంతా వింది. చూపు ఆనని ముసలామె, పాక్కుంటూ వచ్చి మూట మీద చెయ్యి పెట్టింది. పెట్టి, కాలినట్టు వెనక్కి తీసుకుంది.

"ఇన్ని తీసుకున్నావా చౌడమ్మా?"

"వస్తాంటే ఏం చేయల్లత్తా?"

"మా అవ్వ చెప్తాండె. ఈ రాణి రూపాయిల కాలంలో వచ్చిన పెద్ద కరువులో ఈ దావలో ఒక ఊరు ఊరే నడిచి వచ్చిందంట. అందరి నడుముల్లో రూపాయిలు ఉండాయి. తాళిబొట్లు, కడియాలు అన్నీ అమ్మి తెచ్చుకున్నవి. గింజలు పెట్టేవాడే లేడు. దుడ్లు చేతిలో పట్టుకొని, ఈడనే, ఈ క్రాసులోనే..." ముసలామె రోడ్డు వైపు తల తిప్పింది. "అందరినీ ఒకే గుంతలో పూడ్చినారంట. ఆ రూపాయిలు తీసుకోడానికి ఎవరికీ చెయ్యి రాలేదు."

"అయితే ఏమంటావు?"

"దుడ్లు తీసుకున్నావు గదా. ఇంక పెట్టల్ల."

చౌడేశ్వరికి భయం కంటే ముందు కోపం వచ్చింది. తన ప్రాణానికి, వండి పెట్టాల్సినవాళ్ళు ఇంకా ఎవరు మిగిలారు! మూటను పొయ్యి వెనక రాళ్ళ సందులోకి తోసి పనిలో పడింది.

ఆ సాయంత్రం బస్సు వచ్చి పోయింది. ఎవరూ దిగలేదు. పొద్దు కుంకుతుండగా దుమ్ము లేచి ఆకాశం ఇటుక రంగుకు తిరిగింది. కరెంటు పోయింది. పొయ్యిలో నిప్పులు మాత్రం ఎర్రగా ఉన్నాయి. సాయంత్రం బస్సుకని మళ్ళీ కలిపిన ఉగ్గాణి గిన్నె మీద ఆమె మూత పెట్టబోతోంది.

దూరంగా కుక్క మొరుగుతూ మొరుగుతూ ఆగిపోయింది.

గాలి కూడా ఆగింది.

అప్పుడు వాసన... తడిసిన మట్టి వాసన. వాన వస్తోందేమో అనుకొని, ఆశగా, రేకుల కింది నుంచి తల బయటికి పెట్టింది. ఆకాశంలో చుక్కలు మొలుస్తున్నాయి. మబ్బు తునక లేదు.

వెనక, బండ మీద, ఎవరో కూర్చున్న చప్పుడు.

తిరిగి చూసింది. ఎవరూ లేరు.

"పెట్టమ్మా..."

చెవి పక్కనే. ఎండిన ఆకు నలిగినట్టుంది ఆ గొంతు.

ఆమె అరవలేదు. అరిచే ఓపిక కూడా ఉండాలి కదా. చేతులు వాటంతట అవే ప్లేటు తీసుకున్నాయి, గరిటె ముంచాయి. ప్లేటు బండ మీద పెట్టి, కళ్ళు మూసుకొని, పొయ్యి వైపు తిరిగింది.

టంగ్... డబ్బాలో బిళ్ళ పడింది.

చూస్తే ప్లేటు ఖాళీ. నాకినట్టు మెరుస్తోంది.

"పెట్టమ్మా..." ఇంకో గొంతు. ఆడమనిషిది.

పెట్టింది. టంగ్. మళ్ళీ పెట్టింది. టంగ్. నీడలు లేవు, ముఖాలు లేవు. ఊపిరి మాత్రం ఉంది. ఒకరిది కాదు... రేకుల కింద పట్టనంత మంది ఊపిరి. మెడ మీద చల్లగా తగులుతోంది. ఆమె గరిటె ఆపలేదు. ఆపితే ఏమవుతుందో తెలియక ఆపలేదు. డబ్బా నిండి బిళ్ళలు నేల మీద దొర్లుతున్నాయి.

గరిటె గిన్నె అడుగున గీరుకుంది.

"అయిపోయిందప్పా..." అని గొణిగింది.

ఊపిరి చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది.

నిశ్శబ్దం... ఆ నిశ్శబ్దంలో, ఆమె మోకాలి ఎత్తు నుంచి, పసిగొంతు.

"దుడ్లు ఉండాయమ్మా."

చౌడేశ్వరి పరిగెత్తి బొరుగుల సంచి దింపింది. పచ్చి బొరుగులే చాటలో కుమ్మరించింది. పుట్నాల పొడి, ఉల్లిగడ్డలు, అత్తకని దాచిన గ్లాసెడు మజ్జిగ, కుండలో నీళ్ళు, అన్నీ బండ మీద పెట్టింది. పెట్టినవి పెట్టినట్టే మాయమవుతున్నాయి. చీర కొంగును ఎవరో పట్టుకున్నారు. చిన్న చెయ్యి. లాగడం లేదు, ఊరికే పట్టుకొని ఉంది.

ఇంక ఇంట్లో ఏమీ లేదు.

తడిక అవతల నుంచి తిరుపాలమ్మ గొంతు వినిపించింది. "లేదు అని మాత్రం అనొద్దు చౌడమ్మా. ఆ మాట వినే సచ్చినారు వాళ్ళు. రేపు అని చెప్పు... రేపు అని చెప్పు."

చౌడేశ్వరి కొంగు వైపు వంగి అంది. "రేపు పెడతా. రేపు రాండి."

కొంగు వదులైంది.

కరెంటు వచ్చేదాకా అత్తాకోడళ్ళు ఒకరినొకరు పట్టుకొని తడిక వెనక కూర్చున్నారు. బల్బు వెలిగాక చూస్తే హోటలు నిండా ఖాళీ గిన్నెలు. బిళ్ళలు ఎక్కడివక్కడే పడి ఉన్నాయి.

తెల్లారింది. ఎండ ఎప్పటిలాగే వచ్చింది. రోడ్డు ఎప్పటిలాగే ఖాళీగా, తెల్లగా ఉంది. చౌడేశ్వరి ఒళ్ళు సీసం పోసినట్టుంది. అయినా లేచింది, నీళ్ళు తెచ్చింది, పక్క ఊరి అంగట్లో అరువుకు రెండు సంచుల బొరుగులు తెచ్చుకుంది. అత్తను తీసుకొని బెంగుళూరు బస్సెక్కుదామని ఒక్క క్షణం అనిపించింది. మాట ఇచ్చి పోతే వాళ్ళు బెంగుళూరుకు నడవరని ఏముంది? పొయ్యి రాజేసింది.

పొద్దున బస్సు వచ్చింది. డ్రైవరు గంగాధరప్ప ఈ దావలోకి కొత్తగా వేసిన మనిషి, పడమటి పల్లెలవాడు. బస్సు తిప్పుకోవడానికి గేరు వేసి, వేసినవాడు మళ్ళీ ఆపాడు. హారను కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. కిటికీలోంచి తల బయటికి పెట్టి చికాకుగా అరిచాడు.

"ఏమక్కా, ఈపొద్దు ఏమన్నా జాతరా? బస్సు తిప్పుకునే తావు ల్యాకుండా నిలబడినారు. నేను చెప్తే కదలటం లేదు. కొంచెం జరగమని నువ్వు చెప్పు, నీ మాట వింటారేమో!"

చౌడేశ్వరి గరిటె పట్టుకొని బయటికి వచ్చింది. రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. ఎర్రమట్టి. ఎండ. ఒక్క పురుగు లేదు.

నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుంది. ఖాళీ రోడ్డు వైపు తిరిగి, అలసిన గొంతుతో, మెల్లగా అంది.

"జరగండప్పా... కొంచెం జరగండి."

గంగాధరప్ప వెనక్కి చూసుకుంటూ స్టీరింగు తిప్పాడు.

"ఆ... ఆ... చాలక్కా. జరిగినారు."