ఇరవై ఏడో మెషీను

పావగడ సోలార్ పార్కులో సింధుశ్రీ మొదట అడిగిన మాట, "ఏమప్పా, ఇది మెషీనా, గుడా?"

ఎదురుగా ఇన్వర్టరు ఉంది. పలకల్లో పుట్టిన కరెంటును గ్రిడ్డుకు పనికొచ్చేట్టు మార్చే పెట్టె. దానికి మూడు విభూతి పట్టెలు, నడుమ అరచేయంత కుంకుమ.

"ఆయుధపూజ మేడమ్," అన్నాడు వీరేశ్. దగ్గర్లోని నిడుగల్లు ఊరివాడు. ఆరేళ్ళుగా ఇక్కడ కాంట్రాక్టు టెక్నీషియను.

"ఆయుధపూజ అయిపోయి ఏడు నెలలాయె."

"ఇది ఆరేండ్లది మేడమ్. ఏటేటా పైనే పూస్తాం. తుడిస్తే మంచిది కాదంటాది రంగక్క."

"రంగక్క ఎవరు?"

"పలకలు కడిగే ఆడోళ్ళ మేస్త్రి."

"ఈడ ఆమె చెప్పిందే రూలా?"

"నిన్నటిదాకా అంతే. ఈరోజు మీరొచ్చినారు."

బెంగళూరు ఆఫీసు ఆమెను పంపింది కొత్త రూలు కోసం. గ్రిడ్డులో వోల్టేజీ ఒక్క క్షణం పడిపోతే ఇన్వర్టర్లు ఆగిపోకూడదు, తట్టుకుని నిలబడాలి. ఆ పరీక్ష అన్నీ నెగ్గాయి. అయితే ఒక్కో మెషీను ప్లేటు మీది నంబరు రాసి, సంతకం పెట్టి, శనివారంలోగా జాబితా పంపాలి. జాబితాలో లేని మెషీనును ఆపేస్తారు. జాబితా తప్పైతే సంతకం పెట్టినవాళ్ళ ఉద్యోగం పోతుంది. సంతకం సింధుశ్రీది.

కుంకుమ ఉన్నది సరిగ్గా ఆ నంబరు ప్లేటు మీదే. మెషీను మొత్తంలో నుదురులాగా కనిపించేది అదొక్కటి. రూలు రాసినవాళ్ళకు ఇది తెలియదు. వాళ్ళకు తెలియనివి ఇంకా చాలా ఉన్నాయి.

ముప్పై ఎనిమిది మెషీన్లు. నిమ్మచెక్కలు, పాత పంచె ముక్కలు పట్టుకుని ఇద్దరూ ప్లేట్లు తుడవడం మొదలుపెట్టారు. ప్రేమ కథలో ఇక్కడ వాన పడాలి. పావగడలో పడలేదు.

"మీది యా ఊరు మేడమ్?"

"వై.ఎన్.హొసకోట. ఈ పావగడ తాలూకానే."

"అట్లనా! బెంగళూరోళ్ళు తెలుగులో బాగా తిడతాండారే అనుకుంటి."

"నేనింకా తిట్టడం మొదలుపెట్టలేదు."

"పెట్టేటప్పుడు చెప్పండి. నీడకు పోయి వింటా."

రెండో రోజు ఆమె చెమట తుడుచుకుంటే చేతికున్న కుంకుమ ముక్కుకు అంటింది. వీరేశ్ చూశాడు. సాయంత్రం దాకా చెప్పలేదు.

"పొద్దున్నుంచి ఎందుకు చెప్పలేదు?"

"బాగుండాది మేడమ్."

ఆమె తర్వాతి ప్లేటు నంబరు రెండుసార్లు తప్పు చదివింది.

మూడో రోజు ఇరవై ఏడో మెషీను దగ్గర నిమ్మచెక్క పని చేయలేదు. వీరేశ్ కత్తితో గీకాడు. అదే సమయానికి సింధుశ్రీ గట్టు మీద కూర్చుని జడ విప్పి మళ్ళీ అల్లుకుంటోంది. అతను తల తిప్పి ప్లేటు చూసుకునేసరికి కుంకుమతో పాటు చివరి మూడంకెలూ పోయాయి.

ఇరవై ఆరో మెషీను నంబరు చివర 514. ఇరవై ఎనిమిదోది 516.

"515 మేడమ్," అన్నాడు. ఆమె రాసుకుంది.

శనివారం మధ్యాహ్నం జాబితా ముందేసుకుని ఆమె పెన్ను తీసింది.

"ఒక్క తప్పు ల్యాకుండా ముగించినావు వీరేశ్. ఇట్ల పనిచేసే మనిషిని నేను చూడలేదు."

అలాంటి మాట కోసం మగవాళ్ళు ఏళ్ళకేళ్ళు కాచుకుంటారు. చాలామందికి రాదు. వచ్చినవాడు నోరు మూసుకుని ఉండొచ్చు.

"ఇరవై ఏడోది నేను ఊహించి చెప్పినా మేడమ్. గీకేటప్పుడు అంకెలు పోయినాయి."

పెన్ను ఆగింది.

"మూడు దినాలు ఊరికే ఉండి ఇప్పుడు చెప్తాండావా?"

"సంతకం మీది కదా."

ఆమె మెషీను తయారుచేసినవాళ్ళకు ఫోను చేసింది. మూడేళ్ళ కిందట పాతది కాలిపోతే అది మార్చిన మెషీను. అప్పుడు వీరేశ్ అక్క పెళ్ళి పనుల్లో ఉన్నాడు. నంబరు 515 కాదు, దాని దరిదాపుల్లో కూడా లేదు. సరైన కాగితం రావడానికి తొమ్మిది రోజులు పడుతుందన్నారు.

ముప్పై ఏడింటితో జాబితా వెళ్ళింది. ఇరవై ఏడోది తొమ్మిది రోజులు ఆగింది. "తుడవద్దంటే వింటిరా?" అని రంగక్క తొమ్మిది రోజులూ అంది.

వీరేశ్‌కు మెమో వచ్చింది. అంకెలు ఎందుకు పోయాయో రాసి సింధుశ్రీ ద్వారా పంపాలి, లేకపోతే కాంట్రాక్టు రద్దు. అతను రాసి తెచ్చిచ్చాడు.

'గీకేటప్పుడు నా చూపు ప్లేటు మీద లేదు. సింధుశ్రీ మేడమ్ జడ అల్లుకుంటూ ఉంటే ఆమెను చూస్తూ ఉన్నాను. ఇకమీదట ఇలా జరగదని రాయమన్నారు. రాయలేను. ఇట్లు, వీరేశ్.'

ఆమె నిలబడే రెండుసార్లు చదివింది.

"ఇది పైకి పంపేదానికి కాదు."

"అబద్ధం ఒకసారి చెప్పి చూస్తి మేడమ్. మెషీనే ఆగిపాయె."

"పని చేస్తాంటే చేయి జారిందని రాయి. అదీ నిజమే. ఉద్యోగం ఉంటాది."

"మరి ఇది?"

ఆమె కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. "మా నాయనకు చూపిస్తా. ఆయన చదివినాక మనిషిని చూడాలంటాడు. ఆదివారం హొసకోటకు రా."

"సరే మేడమ్."

"ఆడ మేడమ్ అనొద్దు."

"మరేమనాలి?"

"బస్సులో గంట పడతాది," అంది సింధుశ్రీ. "ఆలోచించుకుంటా రా."