కండువా కింద వెలుతురు

చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో నరసింగరావు మందుల హోల్‌సేల్ షాపు ఉంది చూసేరా... ఆ షాపు వెనక గది మంచిది కాదు. నేను చూసింది కాదు, విన్నది. చెప్పినవాళ్లు మాత్రం అబద్ధాలాడే మనుషులు కారు. దీపాలు పెట్టే వేళ దాటితే ఆ గదిలోకి గుమాస్తాలు పోరు, కూలీలు పోరు. ఊడవడానికెళ్లిన దాలమ్మ లోపల ఎవరో దగ్గుతున్నారని చీపురు గుమ్మంలోనే పడేసి పరిగెత్తుకొచ్చేసింది. మర్నాడు ఎంత బతిమాలినా పనిలోకి రానంది.

ఆ దగ్గు ఎవరిదంటే — నరసింగరావుదే. ఆయన పోయి అప్పటికింకా ఏడాది తిరగలేదు.

పోయినవాళ్లని ఆడిపోసుకోకూడదు గానీ, బతికున్నన్నాళ్లూ వట్టి కర్కోటకుడు. కన్నకొడుకులనే నమ్మలేదు. ఆ వెనక గదిలో ఒక సర్వర్ పెట్టించేడు. అంటే షాపులో ఉన్న కంప్యూటర్లన్నింటికీ అది పెద్ద అన్నమాట. ఏ మందు ఎంత సరుకుంది, ఏ షాపుకి ఏం వెళ్లింది, అన్నీ దాని పొట్టలోనే. అది ఆగిందంటే ముందువైపు షాపులో ఒక్క మాత్రల అట్ట కదలదు. దాని ముందు కుర్చీ వేసుకుని రోజల్లా కూర్చునేవాడు. ఇంటికెళ్లేముందు భుజం మీది కండువా తీసి స్క్రీను మీద కప్పేసేవాడు, ఎవరూ తొంగి చూడకూడదని. చివరికి ఆ కుర్చీలోనే దగ్గుతూ దగ్గుతూ ప్రాణం వదిలేడు.

పెద్దకొడుకు చంద్రమౌళి నోట్లో నాలుక లేని మనిషి. అంచేత అతని పెళ్లాం రాధిక వచ్చి షాపులో సీటెక్కింది. బీకాం చదివింది, లెక్క తెలుసు, బేరం తెలుసు, నదురూ బెదురూ లేదు. అది చిన్నకొడుకు ఆనంద్‌కుమార్‌కి కళ్లలో కారం కొట్టినట్టయింది. ఆడదాని చేతికి షాపు అప్పజెబుతారా అని రోజూ వాళ్లమ్మ చెవిలో ఊదేవాడు. ఆవిడ మహాలక్ష్మమ్మ, తక్కువ మనిషి కాదు. కోడలికి తాళాలిచ్చింది గానీ ఆ ఇవ్వడంలోనే ఒక మాటంది.

"నువ్వు షాపు గుమ్మం తొక్కడమే మీ మావకి ఇష్టం నేదు. అతగాడు పోనాడు గానీ, ఆ అయిష్టం పోనేదు. గుర్తెట్టుకో."

రాధిక తాళాలు అందుకుంది. ఆ సీటు తనది. ఎవరు లెమ్మన్నా లేవకూడదు. ఆవిడ పట్టుదల అదొక్కటే.

హుదూద్ తుఫానుకి ముందటేడు సంగతి. పాత సర్వర్ ముసలిదైపోయింది, కొత్తది కొన్నారు. దాన్ని పెట్టడానికి విజయనగరం నుంచి పైడిరాజు అనే అతను వచ్చేడు. పాతది తీసేసి దాని చోట కొత్తది పెట్టేద్దాం అన్నాడు. మహాలక్ష్మమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడిపోయింది. సంవత్సరీకం అవ్వకుండా పోయిన మనిషి కూర్చున్న చోటు కదపకూడదు. ఆ మిషను తియ్యకూడదు, దాని మీది కండువా ముట్టుకోకూడదు. రోజూ సాయంత్రం ఆవిడే వచ్చి దాని పక్కన దీపం పెట్టి పోయేది.

సరే, రెండూ ఉంటాయి అన్నాడు పైడిరాజు. పాతదాన్నే పెద్దగా ఉంచి, కొత్తదాన్ని దాని చేతి కింద పెడదాం, ఏడాది తిరిగేక మారుద్దాం అన్నాడు.

ఇదిగో, ఇక్కడ చేసింది రాధిక తప్పు. కుదరదంది. పంతులుగారు ముహూర్తం పెట్టేరు, కొత్తది ముందు షాపులో తన సీటు పక్కనే ఉంటుంది, ఇవాళ నుంచి అదే పెద్ద అంది. పీట వేసి కూర్చోబెట్టినదాన్ని ఇంకొకరి కింద ఉంచడం అరిష్టమని పంతులుగారూ తలూపేడు. కొబ్బరికాయ కొట్టేలోగా పైడిరాజు పాతదాని పెద్దరికమంతా తీసి కొత్తదానికి కట్టబెట్టేడు. బిల్లుల లెక్కలు మాత్రం పాతదాంట్లోనే ఉండిపోయాయి. అవి నెమ్మదిగా తర్వాత మారుద్దామని బస్సెక్కేసేడు.

కొన్నాళ్లు బాగానే నడిచింది. ఆ తర్వాత ఒకరోజు...

రాజాం నుంచి, గరివిడి నుంచి వచ్చిన మందుల షాపులవాళ్లు కౌంటర్ ముందు నిలబడి ఉన్నారు. ఉన్నట్టుండి షాపులో కంప్యూటర్లన్నీ కొయ్యబారిపోయాయి. వెనక గదికెళ్లి చూస్తే పాత సర్వర్ ఆగిపోయి ఉంది. కరెంటు ఉంది, తీగలు సరిగ్గానే ఉన్నాయి. ఎవరో చెయ్యి పెట్టి ఆపినట్టు ఆగిపోయింది. రాధిక మీట నొక్కింది. లేచింది. కాసేపటికి మళ్లీ ఆగింది.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పైడిరాజు వచ్చి వైర్లు మార్చేడు, బ్యాటరీ మార్చేడు, అది బాగానే ఉంది కదా అని తల గోక్కుని వెళ్లిపోయేడు. స్క్రీను చూద్దామంటే అత్తగారు కండువా మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. ఈలోగా ఊరంతా పాకిపోయింది. పెద్ద షావుకారు కోడలి పెత్తనం ఓర్చుకోలేక లోపల్నుంచి ఆపేస్తున్నాడట. మీట నొక్కడానికి ఏ గుమాస్తా పోడు. ప్రతిసారీ రాధికే వెళ్లాలి. వెళ్లినప్పుడల్లా ఆవిడకి వీపు మీద ఎవరో చూస్తున్నట్టుండేది. భయమేసేది. భయం కంటే కోపం ఎక్కువొచ్చేది.

చివరికి ఒక సాయంత్రం షాపు కట్టేస్తుంటే ఆనంద్‌కుమార్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. వెనకాల అమ్మ నిలబడింది.

"రేపు ఇంకొక్కసారి ఆగిందంటే సీటు దిగిపో, వొదినా. నాన్నకి ఇష్టం లేని పని ఎన్నాళ్లు సేస్తావు?"

రాధిక అత్తగారి మొహంలోకి చూసింది. ఆవిడ కాదనలేదు. చంద్రమౌళి గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. పోనీ దిగిపోరాదా అని ఇంటికెళ్లేక నసిగేడు కూడాను. ఆ మాటకే రాధికకి మొండితనం పుట్టింది. ఆపుతున్నదెవరో ఇవాళ కళ్లారా చూస్తాను, మావయ్యే అయితే మొహాన్నే అడుగుతాను అని తాళాలు తీసుకుని ఒంటరిగా షాపుకి వచ్చేసింది.

వెనక గది తలుపు తీసింది. అత్తగారు పెట్టిన దీపం మిణుకుమంటోంది. లైటు వేస్తే వచ్చేవాడు రాడేమోనని వెయ్యలేదు. ఆయన కుర్చీలో కూర్చోబోయి... కూర్చోలేకపోయింది. మందుల అట్టపెట్టె ఒకటి లాక్కుని గోడ వారగా కూలబడింది.

స్టేషన్లో గూడ్సు బండి పోయింది. తర్వాత అంతా సద్దుమణిగిపోయింది.

అప్పుడు వినబడింది — దగ్గు.

గర్... గర్... ఖళ్... ఆగింది. మళ్లీ గర్... గర్...

రాధిక మనసులోనే దేవుణ్ణి తలుచుకుంది. మెల్లగా చెవి పెట్టి వింది. దగ్గు కుర్చీలోంచి రావడం లేదు... సర్వర్ పెట్టెలోంచి వస్తోంది. లోపలి ఫ్యానుకి దుమ్ము పట్టి తిరగలేక తిరుగుతోంది. అంతే. ఓరి నీ ఇల్లు బంగారంగానూ, అనుకుంది. ఒళ్లంతా చెమట పట్టింది, పైట చెంగుతో తుడుచుకుంది.

ఆ ధైర్యం ఎంతోసేపు నిలవలేదు.

కండువా కింద వెలుతురు వచ్చింది.

అంతసేపూ నల్లగా ఉన్న స్క్రీను — ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ దగ్గరికి పోలేదు — తనంతట తానే వెలిగింది. తెల్లటి కండువాలోంచి నీలం వెలుతురు గోడ మీద పడింది. ఫ్యాను గాలికి కండువా అంచు లేస్తోంది, పడుతోంది... లేస్తోంది, పడుతోంది... అచ్చం ఊపిరి తీస్తున్నట్టే ఉంది.

"మావయ్యా," అంది రాధిక. "మీరేనా?"

లేచింది. సంవత్సరీకం అవ్వకుండా ముట్టుకోకూడని ఆ కండువాని పిడికిటితో పట్టుకుని ఒక్క లాగు లాగింది.

స్క్రీను మీద మొహం లేదు. మాటలున్నాయి. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. ఈ నెట్‌వర్క్‌లో పెద్దరికం నాది కాకుండా పోయింది, అలా ఉండడానికి నాకు అనుమతి లేదు, కాసేపట్లో నన్ను నేను ఆపేసుకుంటాను అని వాటి సారాంశం. చదవడం పూర్తవుతుండగానే టప్పుమని ఆగిపోయింది.

రాధిక చీకట్లో నిలబడే పైడిరాజుకి ఫోను చేసింది. నిద్రమత్తులో ఉన్నవాడు ఆ నాలుగు ముక్కలూ వినేసరికి మంచం మీద లేచి కూర్చున్నాడు. అయ్యబాబోయ్, ఎప్పుడో చదివి మరిచిపోయాను మేడమ్ అన్నాడు. చిన్న వ్యాపారాలకని చవగ్గా అమ్మే పాత రకం సాఫ్ట్‌వేరట అది. చవగ్గా ఇచ్చినందుకు ఒక షరతు పెట్టేరట. అదున్న చోట అదే పెద్దగా ఉండాలి. పక్కన ఎంతమందినైనా పెట్టుకోవచ్చు గానీ, ఇంకొకరు పెద్దయ్యేరంటే కొన్నాళ్లు ఓపిక పడుతుంది, ఆ తర్వాత మాటిమాటికీ ఆగిపోతుంది.

"దెయ్యం కాదు మేడమ్, రూలు. పెద్దరికం దానికి తిరిగి ఇచ్చేద్దామా? లేదంటే లెక్కలన్నీ కొత్తదాంట్లోకి లాగేసి దీన్ని పీకి పారేద్దామా?"

రాధికకి నవ్వొచ్చింది. ఆ వెనకే ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ తనని కాల్చుకు తిన్నది ఒక రూలు. చచ్చినా దానికి పెద్దరికం ఇవ్వను, పీకెయ్ అంది. పైడిరాజు తన ఇంట్లోంచే నెట్‌లో దూరి పని మొదలుపెట్టేడు. అది ఆగినప్పుడల్లా రాధిక మీట నొక్కింది, మళ్లీ ఆగింది, మళ్లీ నొక్కింది. తెల్లవారేసరికి లెక్కలన్నీ కొత్తదాంట్లో పడ్డాయి.

ఇక మిగిలింది అత్తగారు. రూలు సంగతి చెబితే వినే మనిషా? సాఫ్ట్‌వేరు షరతు కోసం సంవత్సరీకం మానుకుంటామా అంటుంది. పెద్దరికం తీసి ఇంత చేసింది నువ్వే కదా అని ఆనంద్‌కుమార్ ఎత్తిపొడుస్తాడు. రాధిక చాలాసేపు ఆలోచించింది. ఆలోచించి, మొహం కడుక్కుని, బొట్టు దిద్దుకుని, వాళ్లు వచ్చేసరికి వెనక గది గుమ్మంలో కూర్చుంది. మడిచిన కండువా ఒళ్లో ఉంది.

మహాలక్ష్మమ్మ దాన్ని చూసి ఆగిపోయింది. "ముట్టుకున్నావేటే?"

"మావయ్య తియ్యమన్నారత్తా. రాత్రి నాతో మాటాడేరు."

ఆనంద్‌కుమార్ నోరు తెరవబోయేడు. తల్లి చెయ్యెత్తి ఆపింది.

"ఏటన్నాడు?"

"తన పెద్దరికం పోయిన చోట ఉండలేనన్నారు. పంపించెయ్యమన్నారు." అక్కడితో ఆపి ఉంటే ఎలా ఉండేదో. అంతవరకూ ఇంచుమించు స్క్రీను చెప్పిన మాటే. కానీ మరిది మొహం చూసేసరికి రాధిక ఆపలేదు. "నా సీట్లో ఇక నువ్వే కూర్చో అన్నారు. నాకిష్టమే అన్నారు."

మహాలక్ష్మమ్మ కోడలి కళ్లలోకి చూసింది. తర్వాత వంగి కండువా తీసుకుని కళ్లకద్దుకుంది. పంపీండర్రా అంది. కూలీలు పాత సర్వర్‌ని మోసుకెళ్లి అటకెక్కించేరు. 

షాపు తెరిచేరు. రాధిక సీట్లో కూర్చుంది. కొత్త సర్వర్ పక్కనే చల్లగా, చప్పుడు లేకుండా నడుస్తోంది. రాజాం షావుకారికి మొదటి బిల్లు కొట్టబోయింది.

స్క్రీను నల్లబడింది.

పైకి చూసింది. ఫ్యాను తిరుగుతోంది. లైట్లున్నాయి. గుమాస్తాల కంప్యూటర్లు వెలుగుతూనే ఉన్నాయి, కదలడం మాత్రం లేదు. చెయ్యి చాచి కొత్త సర్వర్ మీద పెట్టింది. ఆగిపోయి ఉంది. మీట నొక్కింది. లేవలేదు. మళ్లీ నొక్కింది.

ఫోను చేసి చెబితే పైడిరాజు గొంతు మారిపోయింది. "ఆ రూలు పాతదానికే మేడమ్... కొత్తదానికి అలాటిదేమీ లేదే..."

గుమాస్తాలు ఒక్కొక్కరే లేచి వెనక్కి జరిగేరు. మహాలక్ష్మమ్మ మెల్లగా నడిచొచ్చి కోడలి పక్కన నిలబడింది, చెవి దగ్గరకి వంగింది.

"నీతోటి మాటాడేడన్నావు గదే," అంది గుసగుసగా. "అడుగు... ఇప్పుడేటంతన్నాడో."