వేలాడే మనిషి

నా పెళ్ళిచూపులకు నేను కుడికాలు గాలిలో పెట్టుకుని హాజరయ్యాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మేడకు ఏసీ ఔట్‌డోర్ యూనిట్ బిగిస్తూ సజ్జ మీంచి జారాను. ఏసీకి ఏమీ కాలేదు. నా తొడ ఎముక విరిగింది. ఎల్బీనగర్‌లో ఆసుపత్రివాళ్ళు కాలికి బరువులు కట్టి, మంచం మీది ఇనుప చట్రానికి వేలాడదీశారు.

పెళ్ళిచూపులు వాయిదా వేద్దామన్నాను. మా అమ్మ యాదలక్ష్మి ఒప్పుకోలేదు.

"మంచి రోజు మళ్ళ దొరకదురా యోగేందరూ. పిల్ల నిన్ను జూస్తది గని నీ కాలును గాదు గదా," అంది.

పిల్ల నా కాలునే చూసింది.

పేరు సుమలత, ఊరు తుర్కయంజాల్. కొరియర్ ఆఫీసులో ఉద్యోగం, సెలవు రోజుల్లో టారో కార్డులు చూసి జోస్యం చెప్పడం. వార్డు గుమ్మంలో నిలబడి, నవ్వు ఆపుకోవడానికి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు అప్పుడే నచ్చేసింది. అంత నొప్పిలో అంత నచ్చడం అన్యాయమనిపించింది.

వాళ్ళ నాన్న మైసయ్యను అమ్మ చాయ్‌కి కిందికి తీసుకెళ్ళింది. మేమిద్దరం మిగిలాం.

"నవ్వినందుకు ఏమనుకోకుండ్రి. మీరు నా కార్డుల ఉన్నరు," అంటూ బ్యాగులోంచి ఒక కార్డు తీసింది.

అందులో ఒక మనిషి కొయ్యకు ఒంటికాలితో తలకిందులుగా వేలాడుతున్నాడు. రెండో కాలు మడిచాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. తల చుట్టూ వెలుగు.

"హ్యాంగ్డ్ మ్యాన్," అంది.

"ఏం తప్పు చేసిండు?"

"ఏం చెయ్యలే. మొఖం జూడుండ్రి, ఏడుస్తుండా? ఆయనంతట ఆయనే ఆగిండు. పరేషాన్ గాకుండ ఎదురుచూస్తుండు. అందరు చూసేదాన్నే ఇంకో దిక్కుకెల్లి చూస్తుండు. గదీ దీని అర్థం."

"కార్డు తిప్పి పెడితే?"

"అర్థం గూడ తిరుగుతది. ఊకె ఆగుడు దండగ, ఇగ నాతోని గాదు అని."

మళ్ళీ తనే అంది. "ఇంతకుముందు చూసిపోయినోళ్ళంత కార్డులు పారెయ్యమన్నరు. నేను పారెయ్య. మీరిప్పుడే ఏం చెప్పకుండ్రి, మందుల మత్తుల ఉన్నరు. శనివారం మళ్ళొస్త. ఇష్టముంటే కార్డు ఇట్లనే ఉంచుండ్రి. లేకుంటే తిప్పి పెట్టుండ్రి. మొఖం మీద చెప్పే బాధ ఉండదు."

నా తల వెనక గోడకు ప్లాస్టర్ ముక్కతో కార్డు అతికించి వెళ్ళింది. అక్కడికి నా చేయి అందుతుంది, చూపు అందదు. ఈ ఒప్పందం సంగతి సిగ్గేసి అమ్మకు చెప్పలేదు.

ఆ వారమంతా కార్డులోని మనిషిలాగే ప్రశాంతంగా ఉండాలని చూశాను. ఆయన కాలికి దురద పుట్టదు, నా కాలికి పుడుతుంది. అయినా సంతోషంగానే ఉన్నాను.

శనివారం సుమలత వానలో తడిసి వచ్చింది. నన్ను చూసి నవ్వింది. తర్వాత నా తల వెనక గోడను చూసింది. నవ్వు ఆగిపోయింది.

"మంచిది. జల్ది కోలుకోండ్రి," అంది నాతో. "పోయొస్త ఆంటీ," అంది అమ్మతో.

"ఏమైంది?" అన్నాను.

"మీరు చెప్పిండ్రు, నేను చూసిన. మళ్ళ నోటితోని ఎందుకు? కార్డు తిప్పిండ్రు గదా!"

"నేనేడ తిప్పిన?"

అమ్మ టిఫిన్ డబ్బా మూత తీస్తూ, "కార్డా? నేనే తిప్పిన," అంది.

తిరగగలిగిన రోగులందరూ మా వైపు తిరిగారు.

"ఎప్పుడు?"

"నువ్వు పండుకున్నప్పుడు. మంచం మీద నువ్వు గిట్ల, గోడ మీద వాడు గట్ల. నేను ఎట్ల జూడాలె? వాడన్న కాళ్ళ మీద నిలబడితే నువ్వు గూడ నిలబడ్తవని తిప్పిన. రోజూ మొక్కుతున్న. బొట్టు గూడ పెట్టిన."

సుమలత అప్పటికే గుమ్మం దగ్గర ఉంది. నేను లేచి వెళ్ళలేను. ఆగి ఎదురుచూడటం ఇక నా వల్ల కాలేదు.

"సుమలతా! నువ్వంటే నాకు ఇష్టం. మొదటిరోజే ఇష్టమైనవ్. ఉరికొచ్చి చెప్పలేను, ఈడికెల్లే చెప్తున్న. కార్డులు పారెయ్యకు. నన్ను గూడ పారెయ్యకు."

పక్క మంచం తాత చప్పట్లు కొట్టాడు.

ఆమె వెనక్కి వచ్చింది. నా తల మీదుగా వంగి గోడ వైపు చాలాసేపు చూసింది. తడిసిన జుట్టులోంచి నా చెంప మీద నీళ్ళు పడ్డాయి. నేను కదల్లేదు, ఎలాగూ కదల్లేను.

"అందరు పారెయ్యమన్నరు. బొట్టు పెట్టింది మీరొక్కరే అత్తమ్మా," అంది.

అమ్మకు ఆ పిలుపు వెంటనే అర్థమైంది, చేతిలో డబ్బా పక్కన పెట్టేసి కొంగుతో ఆ పిల్ల తల తుడవడం మొదలుపెట్టింది. నాకు కాస్త ఆలస్యమైంది.

"అంటే... ఒప్పుకున్నట్టేనా?" అన్నాను.

"మీ అమ్మను చూసి ఒప్పుకున్న," అంది సుమలత కొంగు కిందనుంచి. "నువ్వు గూడ ఆ ఇంట్లనే ఉంటవట గదా. సరే."

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. కాలు నొప్పేమో అని ఇద్దరూ నర్సును పిలిచారు.