కోటి సంతాపాలు

నవంబరు తొమ్మిది. ఉడికిన గుడ్డు సగం తిన్నాడు దూది. మిగతా సగం నోట్లో పెట్టుకునేలోగా గూఢచారి విభాగం చీఫ్ ఫోన్.

“సాయంత్రం ఆరింటికి ఆ సోషల్ మీడియా కంపెనీ ఛైర్మన్ అకౌంట్ నుంచి దొంగ వీడియో వెళ్తుంది. ఏటి అవతలివాళ్ళు దర్జీల వీధి పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని. విదేశీ ముఠా పాస్‌వర్డ్ సంపాదించింది.”

“ఛైర్మన్‌కి చెప్పొచ్చుగా?”

“చెప్పాం. జనం చూసేదాన్ని ఆపడం తన పాలసీ కాదన్నాడు. దర్జీల వీధిలో మీ అక్క ఉంటుంది కదూ?”

“ఉంటుంది.”

అడుగుల చప్పుడు వినపడదని అతనికి దూది అని పేరు. ఐదున్నరకి ప్రింటర్ మెకానిక్ వేషంలో ఐదో అంతస్తులో ఉన్నాడు. తప్పిపోయిన కుక్కల్ని వెతికిపెట్టడానికి సైకిల్ షాపు పైగదిలో మొదలైన కంపెనీ అది. ఏడేళ్ళలో మనుషుల్ని ఉసిగొల్పడం నేర్చుకుంది.

సెంటు గుబాళిస్తూ పీఆర్ మేడమ్ ఎదురైంది. పైకి ముఠా మనిషి. అంతకుముందే చీఫ్ మనిషి.

“గొడుగు తెచ్చావా?”

“వాన వెలిసిందన్నారు.”

కోడ్ కలిసింది. “ముఠావాళ్ళు నన్ను అనుమానిస్తున్నారు. ఫిర్యాదుల గదిలో పిన్నిని అడుగు.”

అందరూ పిన్ని అని పిలిచే ఆవిడ కంపెనీలో మొట్టమొదటి ఉద్యోగి. కళ్ళజోడు తుడుచుకుంటూ అంతా విన్నది.

“అకౌంట్ ఆపే అధికారం నాకెక్కడిది నాయనా? ఒక్క దారుంది. మా ఆయన పోయిన వారానికి ఆయనకి పుట్టినరోజు శుభాకాంక్షలొచ్చాయి. అప్పుడు పోట్లాడి ఒక రూల్ పెట్టించాను. మనిషి పోయాడని ఇంటివాళ్ళు చెబితే ఆ అకౌంట్ ఒక రోజు మూగబోతుంది. ఛైర్మన్‌తో సహా అందరూ మర్చిపోయారు.”

దూది ఫారం తెరిచాడు. సంబంధం దగ్గర ‘బావమరిది’ అని కొట్టాడు.

“ఆయనకి పెళ్ళే కాలేదు. తోబుట్టువులూ లేరు.”

“అది చూసే మనిషున్నాడా?”

“పోయినేడే తీసేశారు.”

ఐదూ యాభైతొమ్మిది. పిన్ని మీట నొక్కింది. గోడమీది స్క్రీన్‌లో ఛైర్మన్ ఫొటో చుట్టూ నల్లగీత పడింది. ముఠా వీడియో గడప దగ్గరే ఆగిపోయింది. దాన్ని పంపబోయిన ఇద్దరినీ మేడమ్ సైగ చేసి చీఫ్ మనుషులకి లిఫ్ట్‌లోనే పట్టించింది.

అరగంటలో కోటి సంతాపాలు. పై అంతస్తులో ఛైర్మన్ బతికే ఉండి అన్నీ చదువుకున్నాడు. నిజమేనా అని ఫోన్ చేసినవాడు ఒక్కడూ లేడు. చివరికి ఆయనే పిన్నికి ఫోన్ చేశాడు.

“ఇంత ట్రాఫిక్ ఎప్పుడూ లేదు. వారానికొకర్ని ఇలా పెట్టొచ్చా?”

ఎనిమిదింటికి దూది అక్క గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ ఫోన్ చూస్తోంది.

“పాపంరా, చిన్న వయసే.”

“బతికే ఉన్నాడక్కా.”

“అయితే మరీ పాపం.”

లోపల మనవరాలు నిద్రపోతోంది. అక్క తమ్ముణ్ణి లోపలికి రానిచ్చి, చప్పుడు కాకుండా తలుపు మూసింది.