కాలం తీరిన చేపలు

ఈ తీరంలో నాలుగేళ్లు దాటిన నాలుక చేప ఒక్కటి కూడా మిగల్లేదని తెర మీద ఎర్రటి అక్షరాలు వెలిగాయి.

కడలిలెక్క అధికారి గౌరీశ్వరి మళ్లీ లెక్క వేయించింది. అదే జవాబు. పక్కనే ఆమె పెదనాన్న, పడవ సరంగు కొర్లయ్య తెరకేసి చూడకుండా నిలబడ్డాడు.

ఊరుమ్మడి పడవకు ఈడుకన్ను అనే యంత్రం బిగించాక వేట తీరే మారింది. వలలో పడిన చేప చెవిరాయిలో ఏడాదికొకటిగా ఏర్పడే వలయాలను ఆ కన్ను ప్రాణం తీయకుండానే చదివి ఈడు తేలుస్తుంది. ఎదిగే పిల్లను నీళ్లలోకి జారుస్తుంది, నడి ఈడుదాన్ని తానే మంచుగదిలోకి పంపుతుంది. నాలుగేళ్లు దాటిన ముదురు చేపనైతే "కాలం తీరింది" అని పలికి సరంగు గదిలోని బల్ల మీదకు తోస్తుంది. అతను దాన్ని మంచుగదిలో వేయాలి. కన్ను చూసినవన్నీ లెక్కలోకి రావు; అక్కడ చేరినవాటి ఈడును బట్టే సముద్రంలో ఎన్ని పెరుగుతున్నాయో, ఎన్ని చస్తున్నాయో తేలుతుంది.

"పెద్దవన్నీ పోతే గుడ్లు పెట్టేదెవరు పెదనాన్నా? సాయంత్రానికి కడలిమూత పడుతుంది. ఏళ్ల తరబడి మనూరి పడవ కదలదు."

"మిషనికేటి తెలుసే? సూపు మందగించిందేమో." ఆ గొంతు అతనికే అబద్ధంలా వినిపించింది.

"అవును, నీ కళ్లద్దాలు పెట్టి చూద్దాం."

ఇంతలో వల లాగే ఎల్లాజీ ఆఫీసు తలుపు తోసుకుని వచ్చాడు.

"మంచుగదిలో ముసలి సేపలు కానరానప్పట్నుంచీ ఎతుకుతన్న దొంగ దొరికినాడు మావా! పక్కూరి సోమేసు. దొంగవలేసి ముసలియన్నీ ఊడ్సేసినాడు. ఒప్పుకోనేదని సెయ్యి ఇరగ్గొట్టినాం. ఇంకో సెయ్యుంది కదా, అడుగుతన్నాం."

గౌరీశ్వరి ఒక్క ఉదుటున లేచింది. కొర్లయ్య ఆమెకు అడ్డం నిలబడ్డాడు. 

"ఆణ్ని ఒగ్గీమను ఎల్లాజీ. ముసలియి ఎక్కడికీ పోనేదు, నీళ్లలోనే ఉన్నాయి. నానే ఒగ్గీసినాను. గౌరీ, ఆస్పత్రిలో మీ పెద్దమ్మని ఇలాటి కన్నే సూసి కాలం తీరిందన్నాది. మంచం ఇంకొకరికిచ్చీసినారు. నాను తలూపి ఇంటికి తెచ్చీసినాను. ఒక్క మాటయినా అడగనేదు. ఆ తరవాత పడవలో ఆ మాట ఇంటే సేతులాడీవి కావు. నాలిక సేపకి రెండు కళ్లూ ఒకేపక్కనుంటాయి గదా, బల్ల మీద పడితే రెండూ నన్నే సూసీవి. మంచుగదిలో ఎయ్యలేక ఎవులూ సూడకుండా ఒక్కోదాన్నీ నీళ్లలోకి ఇసిరీసీవోణ్ని. మీ లెక్క తప్పుతాదనుకోనేదు, ఊరికి కూడు పోతాదనుకోనేదు. సోమేసుకి ఏ పాపమూ తెలవదు. ఆడి సెయ్యి ఇరిసినోణ్ని నానే."