రెండు గీతలు

పొద్దున్నే బొరుగులు నానబెట్టి ఉగ్గానికి తాలింపు వేస్తున్న మల్లమ్మ సంతోషానికి పట్టపగ్గాలు లేవు. తమ్ముడు వెంకటేశులు ఆదోని నుంచి తాంబూలాలకు వస్తున్నాడు. అతని కూతురు పల్లవిని తన కొడుకు బజారికి చేసుకోవాలన్నది ఆ పిల్ల ఉయ్యాలలో ఉన్నప్పటి మాట. బజారికి రేచీకటి. దీపాలు పెట్టే వేళకు గడప కూడా ఆనదు, ఈమధ్య పగటి చూపూ తగ్గుతోంది. అలాంటివాడికి బయటివాళ్లు పిల్లనిస్తారా? తోడబుట్టినవాడు గనక ఇస్తున్నాడు.

కూతురు సరస్వతి ముందురోజే హైదరాబాదు నుంచి పెద్దకడుబూరు వచ్చింది. ఊరంతా ఆమెను కండ్ల డాక్టరమ్మ అంటుంది గానీ ఆమె చేసేది వైద్యం కాదు, పరిశోధన. కంటి లోపలి తెరను దెబ్బతీస్తూ వంశంలో దిగివచ్చే జబ్బుల మీద ఏళ్ల తరబడి పనిచేస్తోంది. అన్న కోసమే ఆ దారి పట్టింది. అన్న జబ్బుకు మాత్రం మందు ఇంకా దొరకలేదు. ఆ సంగతి తల్లికి చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది.

"అమ్మా, తాంబూలాలు వద్దని మామకు సెప్పు," అంది సరస్వతి.

మల్లమ్మ చేతిలో గరిటె ఆగింది. "ఏం పుట్టిందే నీకు?"

"ఉగాదికి అందరి రక్తం తీసుకపోయినా గదా. అన్న జబ్బు పల్లవి రక్తంలో కూడా దాగుండాది. నిన్ననే ఆ పిల్లకు సెప్పినా. 'ఇంట్లో నువ్వే సెప్పొదినా, నేను సెప్తే బావ నచ్చలేదనుకుంటారు' అనింది."

"దానికేం జబ్బు? సూదిలో దారం ఎక్కిస్తాది!"

"దానికి రాదు. వీళ్లిద్దరూ సేసుకుంటే, పుట్టే ప్రతి బిడ్డకూ సగానికి సగం భయమే."

మల్లమ్మకు ఒళ్లు మండింది. "ఇన్నేండ్లు సదివి వానికి ఒక్క మందు తేలేకపోతివి. ఉండే ఒక్క సంబంధం ఊడగొట్టను మాత్రం బాగా వచ్చినావు!"

ఆ మాట సరస్వతికి సూటిగా తగిలింది. అయినా వాదించలేదు. ముగ్గుపిండి తీసుకుని వాకిట్లో కూర్చుంది. గొణుగుతూ మల్లమ్మా వెనకే వచ్చింది. ఆడవాళ్లకు సున్నాలు, మగవాళ్లకు చదరాలు. పరిశోధనలో రోజూ గీసే వంశవృక్షమే. జబ్బున్నవాడు గనక బజారి చదరాన్ని పిండితో నింపింది. మొగుడూ పెళ్లాలను ఒక్కో గీతతో కలుపుతూ వచ్చి, మల్లమ్మకూ చనిపోయిన తండ్రికీ మధ్య రెండు గీతలు గీసేసింది. చేతి అలవాటు! గీశాక గానీ తెలిసిరాలేదు, ఎవరి ముందు గీస్తోందో.

"అందరికీ ఒక గీత, మాకెందుకే రెండు?"

సరస్వతి ఒక గీతను వేలితో చెరపబోయింది.

"అడిగేది నిన్నే."

"అయినోళ్లను సేసుకుంటే అట్ల గీస్తామమ్మా. నాయన నీకు మేనత్త కొడుకు. మీ తాత నుంచి ఈ జబ్బు గింజ నీకొకటి, నాయనకొకటి వచ్చినాయి. ఒకటుంటే ఏం కాదు, ఆ రెండూ అన్నకు పడినాయి. మామకూ ఒకటి పోయింది, ఆయప్ప నుంచి పల్లవికి."

మల్లమ్మ అరుగు మీద కూలబడింది. "అంటే వాని కండ్లు పోగొట్టింది నేనా? ఉరుకుంద ఈరన్నకు మొక్కితి, అన్నం మాని ఉపాసాలుంటిని. తప్పు నా కడుపులోనే ఉండెనా?" కొంగు నోట్లో కుక్కుకుని వలవలా ఏడ్చింది.

"తప్పు కాదమ్మా. నీకెవరు సెప్పినారు? ఎవరికి తెలుసు ఆపొద్దు?" సరస్వతి తల్లి చేతులు పట్టుకుంది. ఆమెకూ ఏడుపు ఆగలేదు.

అంతా విన్న బజారి లోపలి నుంచి వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు.

"ఏడవద్దమ్మా. నువ్వు తెలీక కన్నావు. నేను తెలిసి కనల్నా?"

మల్లమ్మ కొడుకు ముఖంలోకి చూసింది. పల్లవంటే వాడికి ఎంత ఇష్టమో ఆమెకు తెలియనిదా! కాసేపటికి ముఖం తుడుచుకుని, తానే తమ్ముడికి ఫోన్ చేసింది.

"తాంబూలాలు వద్దు వెంకటేశూ... కోపం కాదప్పా, పిల్ల మీద వంకా కాదు. సరసు అంతా సెప్తాది, కూసోని ఇను."

అవతలి నుంచి వెంకటేశులు గట్టిగా అరుస్తున్నాడు. "మరి బజారికి పిల్లనెవరిస్తారక్కా?"

మల్లమ్మ కొడుకు చేతిని ఒళ్లోకి లాక్కుంది.

"ఇస్తే ఇస్తారు, లేకుంటే నేనుండా. నీ మనవళ్లనన్నా సుక్కలు సూడనీ నాయనా."