చిరంజీవి పేరుకు నేను పలికాను

ఖతార్‌లో మాకు శుక్రవారం సెలవు. ఆ రోజే నాకు గడవదు. క్యాంప్ గదిలో ఆరుగురం, ఆరు ఫోన్లు. ఎవడి గోడ వైపు వాడు తిరిగి పడుకుంటాడు. ఇంటికి ఫోన్ చేస్తే నా భార్య గంగామణి రెండు మాటలు మాట్లాడి, పొయ్యి మీద కూర ఉందంటుంది. ఏడేళ్లుగా ఆ కూర ఉడుకుతూనే ఉంది. అందుకే మడ అడవిలో చెత్త ఏరడానికి మనుషులు కావాలని హైదరాబాద్ ఒవైస్ భాయ్ అడగ్గానే, పక్క మంచం చిరంజీవిని కూడా లాక్కెళ్లాను.

దోహాకు ఉత్తరాన, సముద్రపు పాయ ఎడారిలోకి చొచ్చుకొచ్చిన చోట ఉన్నాయి ఆ మడ చెట్లు. సముద్రపు నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు బురదలోకి దిగాలి. వేర్లకు చుట్టుకున్న పాత వలలు కోసి తీయాలి. చీకటి పడి, నీళ్లు తిరిగి ఎక్కేలోపు బయటికి రావాలి. ఆ రోజు వెళ్లింది పద్నాలుగు మంది.

సాయంత్రం చివరి వలలో ఒక పీత ఇంకా కదులుతోంది.

"నువ్వు నడువన్నా. దీన్ని ఇడిపిచ్చి ఐదు నిమిషాలల్ల వస్త" అన్నాడు చిరంజీవి.

గట్టు మీద ఒవైస్ భాయ్ పేర్లు చదువుతున్నాడు. క్యాంప్‌లో మాకో అలవాటుంది. తెల్లవారుజామున డ్యూటీ బస్ దగ్గర పేర్లు పిలిచేటప్పుడు, ఇంకా స్నానంలో ఉన్నవాడికి పక్కవాడు పలుకుతాడు. చిరంజీవి పేరు రాగానే, ఆలోచించకుండా, గొంతు మార్చి పలికాను.

బస్ ఎక్కి కూలబడ్డాను. కాసేపటికి పక్క సీట్లో ఎవరో కూర్చున్నారు. మాకందరికీ ఇచ్చిన పచ్చ చొక్కానే. కళ్ల దాకా లాగిన టోపీ. బురద వాసన. హమ్మయ్య, వచ్చాడనుకున్నాను. ఒవైస్ భాయ్ తలలు లెక్కపెట్టాడు. పద్నాలుగు.

"యల్లా, చలో" అన్నాడు.

లైట్లు ఆరిపోయాయి. ఇసుక దారిలో బస్ మెల్లగా కదిలింది. ఆ చీకట్లో ఎందుకో మనసు ఆగలేదు. గంగామణి సంగతి చెప్పాను. నేను పోతే ఈ దేశంలో ఏడ్చేవాడు లేడని చెప్పాను. అతను నా వైపు జరిగాడు. నా చేతి మీద చెయ్యి వేశాడు. చల్లగా, తడిగా ఉంది. నిజం చెబుతున్నాను, ఇన్నేళ్లకు ఒక మనిషి నన్ను ముట్టుకున్నాడని నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు ఫోన్ మోగింది. తెర మీద చిరంజీవి పేరు.

"అన్నా... బస్ కనవడ్తలేదు. కాళ్లు బురదల ఇరికినయ్. నీళ్లు... నడుం దాక వచ్చినయ్..."

నా చేతి మీద చెయ్యి అలాగే ఉంది.

వేళ్లు మెల్లగా బిగిశాయి...

అరిచాను. బస్ ఆగింది. లైట్లు వెలిగాయి. పక్క సీటు ఖాళీ. దాని మీంచి నీళ్లు కారుతున్నాయి.

బస్ వెనక్కి తిప్పించి, తాళ్లు పట్టుకుని పరుగెత్తాం. మెడ లోతు నీళ్లలో దొరికాడు. బతికాడు. తన పేరుకు పలికింది నేనేనని తెలిశాక నా ముఖం చూడలేదు. వారం కాకముందే కంపెనీని బతిమాలుకుని వేరే క్యాంప్‌కు మారిపోయాడు. తప్పు నాదే. పక్క మంచం ఇంకా ఖాళీగానే ఉంది.

నిన్న, గురువారం, గంగామణి తనంతట తనే ఫోన్ చేసింది. గొంతు ఎన్నడూ లేనంత మెత్తగా ఉంది.

"ఖతార్ల నీ దోస్తట, రాత్రి ఫోన్ చేసిండు. నువ్వు మస్తు ఒంటిగ ఉన్నవని చెప్పిండు. నాకు ఏడుపాగలే."

"ఎవలు?"

"పేరు చెప్పలే. మాట మంచిగుంది గని ఎనక నీళ్ల సప్పుడే జర ఎక్కువుండె. ఇగ నన్ను రంధి వెట్టుకోవద్దన్నడు. రేపు నీ క్యాంప్ కాడికి వచ్చి నిన్ను తోల్కపోతడట."